టమోటాలు తిన్న గ్యాసు గుంత

పోయిన ఆదివారం నా దగ్గర ఒకప్పుడు చదువుకున్న అమ్మాయి నన్ను పట్టుబట్టి వాళ్ళ ఊరికి పిలుచుకుపోయింది. కుప్పం నుంచి ఆటోలో అరగంట. ఎనిమిదో తరగతిలో బల్ల కింద తల పెట్టుకొని చింతకాయలు నమిలే పిల్ల, ఇప్పుడు నాలుగు సీమావుల్ని మేపుతూ డెయిరీకి పాలు పోస్తోంది. ఇంటి వెనక కొత్తగా పెట్టించుకున్న గ్యాసు సంచిని నాకు చూపించాలని ఆమె ఉబలాటం. నల్లటి పెద్ద రబ్బరు సంచి, ఎనుము పడుకున్నట్టు నిండుగా ఉంది. ఒక పక్కన పేడ కలిపి పోసే తొట్టి, ఇంకో పక్కన వంటింట్లోకి పోయే సన్నటి గొట్టం. ఆ పొయ్యి మీదే కాఫీ కాచి ఇచ్చింది. నేను తాగుతూ ఉండగా, "మేడమ్, టమోటాకు రేటు పడిపోయి అందరూ తోటల్లోనే వదిలేస్తాండారు. మా చేన్లో కూడా దండిగా ఉండాయి. పారేసే బదులు దీంట్లో ఎయ్యచ్చునా?" అని అడిగింది. పిల్లలు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పే చెడ్డ అలవాటు నాది. ఆ రోజు మాత్రం గ్లాసు పట్టుకొని అలాగే కూర్చుండిపోయాను. నాకు వినబడలేదేమోనని ఆమె మళ్ళీ గట్టిగా అడిగింది. వినబడకేం! ఆ ప్రశ్నకు నేను ముప్పై ఏళ్ళ కిందట ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దోవలో, మా అత్త ఇంటి దొడ్లో.

అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. సైన్సు టీచరుగా మొదటి పోస్టింగు ఆ దోవలోనే ఒక హైస్కూల్లో పడింది. మా నాన్న చెల్లెలు ఆ పక్క ఊళ్ళోనే ఉండడంతో బాడుగ ఇల్లు వెతికే పని తప్పింది. అత్త పొట్టిగా, చురుగ్గా, చేత్తో ఒక పని చేస్తూ కంటితో రెండో పని చక్కబెట్టే మనిషి. పిల్లలు లేరు. నేనంటే ఆమెకు ముద్దు, నా చదువంటే భక్తి. మామ తీరు పూర్తిగా వేరు. పొడవాటి మనిషి, మాట తక్కువ. రోజుకు ఆయన మాట్లాడే మాటల్లో ముప్పాతిక వంతు ఎద్దులతోనే అయిపోయేవి, మిగిలిన పావు వంతు మేమిద్దరం పంచుకునేవాళ్ళం. కొట్టంలో ఒక జత ఎద్దులు, రెండు సీమావులు, వాటితో పాటు ఒక పుంగనూరు పొట్టావు ఉండేవి. పొట్టావు మామకు ముద్దుబిడ్డ. నడుమెత్తు కూడా లేని ఆ ఆవు పాలూ పేడా తన ఎత్తుకు తగ్గట్టే ఇచ్చేది, అయినా ఆయన ముందు దాన్ని ఎవరూ ఒక మాట అనకూడదు.

అత్తకు కళ్ళ జబ్బు. పొద్దున కాఫీ మొదలు సాయంత్రం సంగటి దాకా పచ్చికట్టెల పొగలో కూర్చొని కూర్చొని ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవట, నీళ్ళు కారుతూనే ఉండేవట. మదనపల్లెలో కంటి డాక్టరు చుక్కల మందు రాసిచ్చి, పొగకు దూరంగా ఉండకపోతే చూపే పోతుందని చెప్పాడు. పొగకు దూరంగా ఉండి సంగటి ఎలా కెలకాలో మాత్రం ఆయన చెప్పలేదు. సిలిండరు గ్యాసు అప్పట్లో టౌనువాళ్ళ సంగతి. ఎవరో గోబర్ గ్యాసు గురించి చెబితే అత్త దాన్ని గట్టిగా పట్టుకుంది. మామ ఒప్పుకోలేదు. పేడ చేనిదని ఆయన వాదం. దిబ్బలో మాగి చేలోకి పోవాల్సిన దాన్ని పొయ్యిలోకి తోలడమంటే ఆయనకు చేను నోటి దగ్గర కూడు లాగేసినట్టు. గ్యాసు గుంతలోంచి బయటికొచ్చే పేడనీళ్ళు ఇంకా మంచి ఎరువని చెబితే, మంటకు పోయాక దాంట్లో పిప్పి తప్ప ఏముంటుందనేవాడు. అత్త నెలరోజులు ఇంకో మాట మాట్లాడకుండా చివరికి ఆయన్ని ఒప్పించింది. ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. గ్యాసు ఒక్కసారి మొండికేసిందంటే గుంత పూడ్చేస్తాడు. అది ఉత్త బెదిరింపు కాదని తెలియడానికి, గుంత తవ్వినప్పుడు తీసిన మన్నును అక్కడి నుంచి కదలనివ్వలేదు. "ఈడే ఉండనీ. పూడ్సేదానికి మళ్ళీ యాడ తెచ్చేది?" అన్నాడట. మనిషెత్తు మన్ను గుట్ట గుంత పక్కనే కాపలా ఉన్నట్టు ఉండిపోయింది.  ఏటా వానలు పడగానే అత్త దాని మీద బీరపాదు పెట్టేది.

నేను వెళ్ళేసరికి ఇదంతా జరిగి రెండేళ్ళయింది. అత్త కళ్ళు తేటబడ్డాయి. గుంతలో పేడనీళ్ళ మీద ఒక ఇనుప డ్రమ్ము బోర్లించి ఉండేది. గ్యాసు నిండేకొద్దీ అది పైకి లేచేది, వంట అయ్యేకొద్దీ దిగేది. డ్రమ్ము ఎత్తు చూసి అత్త ఆ పూట ఎన్ని కూరలో తేల్చేది. గ్యాసు మీద కెలికిన సంగటికి కట్టెపొయ్యి రుచి రాదని మామ ప్రతి పూటా అనేవాడు, అని రెండు ముద్దలు తినేవాడు. మొదట్లో ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి గిన్నెల మూతలు తీసి వాసన చూసేవాళ్ళట. నేను ఊరుకుంటానా? ఒక రోజు తొమ్మిదో తరగతి పిల్లల్ని వరసగా నడిపించుకొచ్చి గుంత చుట్టూ నిలబెట్టి, మీథేన్ గురించి గంటసేపు పాఠం చెప్పాను. మామ కొట్టం గుంజకు ఆనుకొని విన్నాడు. పక్కన ఎద్దు కూడా విన్నది. ఇద్దరి ముఖాల్లోనూ ఒకే భావం. అత్త మాత్రం తలుపు దగ్గర నిలబడి మురిసిపోయింది.

ఆ ఏడు టమోటా రేటు పడిపోయింది. మదనపల్లె చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మామ తెల్లవారుజామున మండీకి తీసుకుపోయిన గంపల్ని మధ్యాహ్నానికి తిరిగి తెచ్చి కొట్టం వెనక కుప్ప పోశాడు. చాలామంది దోవలోనే రోడ్డు పక్కన పారబోసి వచ్చారు, ఆయనకు చేతులు రాలేదు. ఆవులు రెండు రోజులు తిని మూడో రోజు ముఖం తిప్పుకున్నాయి. అత్త పచ్చడి పెట్టింది, వరుగులు ఎండబెట్టింది, ఊళ్ళో పంచబోతే అందరి ఇళ్ళలోనూ అవే. కుప్ప నీరు కారుతూ ఈగలు ముసురుతూ ఉంటే ఆమెకు అటువైపు పోబుద్ధి కాలేదు. మామ పుంగనూరు సంతకు పోయిన రోజు నాకు సెలవు. నా బుర్రలోని సైన్సు ఊరుకోలేదు. కుళ్ళేది ఏదైనా గ్యాసు అవుతుందనీ, పేడ కన్నా పండ్లలోనే సత్తువ ఎక్కువనీ, అవన్నీ గుంతలో వేసేద్దామనీ చెప్పాను. అత్త సందేహించింది.

"పేడ తప్ప ఇంకేమీ ఎయ్యొద్దని మేస్త్రీ సెప్పినాడే పాపా" అంది.

మేస్త్రీ ఏం చదివాడు, నేనేం చదివాను! పైకి అనలేదు గానీ నా ముఖంలో అది కనిపించే ఉంటుంది. అత్త తొట్టి దగ్గర నుంచి పక్కకు తప్పుకుంది. ఆమెకు భుజం నొప్పి, బరువెత్తలేదు. గంప తర్వాత గంప నేనే మోసుకొచ్చి, పిసికి, తొట్టిలోంచి గుంతలోకి తోశాను. సాయంత్రానికి కుప్ప మాయమైంది, నా మోచేతుల దాకా ఎర్రటి రసం. మామ వచ్చాక కుప్ప ఏమైందని అడగలేదు. అది కనబడకపోవడమే ఆయనకు మేలనిపించిందేమో. రెండు రోజులు డ్రమ్ము ఎన్నడూ లేనంత పైకి లేచింది. దాన్ని అత్తకు చూపించి నేను నవ్వాను. మూడో రోజు పొద్దున పొయ్యి అంటుకోలేదు.

డ్రమ్ము నిండుగానే ఉంది. పొయ్యి తిప్పితే గ్యాసు బుస్సుమని వస్తోంది. అగ్గిపుల్ల దగ్గర పెడితే మాత్రం పుల్లే ఆరిపోతోంది. అగ్గిపెట్టె సగం అయ్యాక మామ గుంత దగ్గరికి పోయి, వంగి వాసన చూశాడు. "పులిసిపోయుండాది. ఏమేసినారు దీంట్లో?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "నేనే టమోటాలు ఏసినా. పారేసేదానికి మనసు రాలేదు."

మామ ఆమెను కాసేపు చూశాడు. తర్వాత మన్ను గుట్టను చూశాడు. అమావాస్య దాకా చూస్తాననీ, అంతలోపల అంటుకోకపోతే పూడ్చేస్తాననీ చెప్పి కొట్టంలోకి పోయాడు. అమావాస్యకు ఇరవై రోజులుంది. నేను ఆ సాయంత్రం స్కూలు ల్యాబులోంచి లిట్మస్ కాగితం తెచ్చి గుంతలో ముంచాను. కాగితం ఎర్రబడింది, అంటే ఆమ్లం ఎక్కువైందని అర్థం. మామ ముక్కు ఆ సంగతి పొద్దున్నే చెప్పేసింది.

ఎందుకలా చెప్పావని అత్తను నిలదీశాను. ఆమె బీరపాదుకు నీళ్ళు పోస్తూ ఉంది. "పిలకాయల్ని తెచ్చి ఈడే పాఠం సెప్తివి గదా పాపా. టీచరమ్మే గుంత సెడగొట్టిందంటే రేపు బళ్ళో నీ మాట ఎవురు ఇంటారు? నాకేముండాది, నేనేమన్నా సదువుకున్నదాన్నా?" అంది. నాకు ఏడుపొచ్చింది. అయినా లోపలెక్కడో హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నిజం చెప్పేద్దామని రెండుసార్లు మామ దగ్గరికి కొట్టం దాకా పోయాను. రెండుసార్లూ పశువులకు మేత వేశారా అని అడిగి తిరిగొచ్చాను.

మళ్ళీ కట్టెలపొయ్యి వెలిగింది. వారం తిరిగేసరికి అత్త కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారడం మొదలైంది. పొయ్యి దగ్గర నేను కూర్చుంటానంటే, స్కూలుకు పోయే దానివి పొగవాసనతో పోతావా అని ఒప్పుకునేది కాదు. కాస్త సున్నపుతేట పోస్తే గుంతలో పులుపు విరుగుతుందని ఒక సలహా ఇచ్చాను. ఈసారి నేను చెప్పింది సరైనదే, కానీ ఎవరూ పట్టించుకోలేదు. మామ మాత్రం, ఎద్దుకు కడుపుబ్బితే మేత మాన్పిస్తాం కాబట్టి వారం రోజులు గుంతకు ఏమీ వేయొద్దన్నాడు. పూడ్చేస్తానన్న మనిషి వైద్యం చెప్పడం చూసి అత్తకు ఆశ పుట్టింది. ఆమె ఆలోచన ఇంకొకటి. పెరుగు చెడిపోతే ఏం చేస్తాం, ఇంకో ఇంటి నుంచి మంచి తోడు తెచ్చుకుంటాం. గుంతకు కూడా అలాగే తోడు వేయాలంది. నేను చదివిన సూక్ష్మజీవుల పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. అది నాకు తట్టలేదు.

అయితే తోడు ఇవ్వగల గుంత పక్కింట్లో లేదు, బి.కొత్తకోట దగ్గర అత్త చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో ఉంది. ఒక ఆదివారం ఇద్దరం రెండు పాల క్యాన్లు తీసుకొని బయలుదేరాం. ఆ ఇల్లాలు మాకు భోజనం పెట్టి, కుంకుమ పెట్టి, తన గుంతలోంచి క్యాన్ల నిండా పేడనీళ్ళు ముంచి ఇచ్చింది. తిరుగు బస్సులో వాటిని సీటు కింద పెట్టుకొని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాం. ఎండకు లోపల గ్యాసు పుట్టి మూతలు పైకి తన్నడం మొదలుపెట్టాయి. స్టాపు స్టాపుకూ అత్త వంగి మూతలు కొంచెం వదులు చేసి గాలి పోనిచ్చేది. అలా చేసినప్పుడల్లా ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూసేవాళ్ళు. కండక్టరు వచ్చి పాలు విరిగినట్టున్నాయే అంటే, పాలు కాదు తోడు అని అత్త ఉన్నమాటే చెప్పింది. ఇంత కంపు కొట్టే పెరుగు ఏ ఊరివాళ్ళు తింటారని అడిగి, ఆయన మదనపల్లె వచ్చేదాకా మళ్ళీ మా వైపు రాలేదు. పుంగనూరు బస్సులో కూడా మాకు సీటు సులువుగానే దొరికింది, చుట్టుపక్కల సీట్లతో సహా.

తోడు పోశాక రోజూ కొంచెం కొంచెంగా పేడ వేస్తూ వచ్చాం, జ్వరం తగ్గిన బిడ్డకు అన్నం పెట్టినట్టు. అత్త లేచేసరికే తొట్టిలో పేడ నీళ్ళతో గడ్డలు లేకుండా కలిపి సిద్ధంగా ఉండేది. అది మామ పనేనని మా ఇద్దరికీ తెలుసు, ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. ఒక రోజు తొట్టి అంచున సున్నం మరక తెల్లగా కనిపించింది. నేను ఆ మాట కూడా ఎత్తలేదు.

అమావాస్య ముందు రోజు పొద్దున నేను స్కూలుకు బయలుదేరుతున్నాను. అత్త రోజూలాగే పొయ్యి తిప్పి అగ్గిపుల్ల గీసింది. కిటికీలోంచి ఎండ నేరుగా పొయ్యి మీద పడుతోంది. పేడ గ్యాసు మంట నీలంగా పలచగా ఉంటుంది, ఎండలో మామూలు కళ్ళకే సరిగా కనబడదు. నీళ్ళు నిండిన అత్త కళ్ళకు అసలే కనబడలేదు. ఈ రోజు కూడా అంటుకోలేదనుకొని ఆమె పొయ్యి మీద అరచెయ్యి చాపింది. గడప దగ్గర నిలబడి ఉన్న మామ రెండంగల్లో వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అంటుకొనుండాది. చెయ్యి తీయ్, కాల్తాది" అన్నాడు.

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. మామ ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. వాళ్ళిద్దరినీ అలా చూడడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. బస్సు పోతే పోయిందని నేను కాఫీ తాగి వెళ్ళాను. ఆ వారంలోనే మామ బండి కట్టి, మన్ను గుట్టను తవ్వి చేను గట్టుకు తోలేశాడు. నిండా కాయల మీద ఉన్న బీరపాదు దాంతో పాటే పోయింది. అందుకు అత్త ఆయన్ని నాలుగు రోజులు తిట్టింది.

తర్వాత మా చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా, విస్తట్లో టమోటా పచ్చడి పడగానే మామ, "రవ్వంత మిగిలిచ్చండప్పా, మా ఇంట్లో గుంతకు పెట్టల్ల" అనేవాడు. మాట తక్కువ మనిషికి దొరికిన ఒకే ఒక జోకు, దాన్ని ఇరవై ఏళ్ళు వాడుకున్నాడు. పంక్తిలో అందరూ అత్త వైపు చూసి నవ్వేవాళ్ళు. అత్తా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అది ఆమె కాదు, నేను అని ఒక్క పెళ్ళిలో కూడా చెప్పలేదు. మొదట ఉద్యోగం కొత్త కదా అనుకున్నాను. తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌ని కదా అనుకున్నాను. ఆ తర్వాత ఇంత కాలమయ్యాక ఎందుకులే అనుకున్నాను. మామ పోయాడు. నాలుగేళ్ళ కిందట అత్త కూడా పోయింది. చివరి దాకా సూదిలో దారం తనే ఎక్కించుకునేది.

కుప్పం అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది. వద్దన్నాను. పేడతో పాటు పిడికెడు వేస్తే పరవాలేదు గానీ గంపలు గంపలు పోస్తే లోపలంతా పులిసిపోయి మంట ఆగిపోతుందని చెప్పాను. "ఇదంతా పుస్తకంలో ఉండాదా మేడమ్?" అని అడిగింది.

"లేదమ్మా. మా అత్త గుంతలో నేనే టమోటాలు వేసి చెడగొట్టాను" అన్నాను.

ఆ అమ్మాయి పగలబడి నవ్వి, ఇంకో గ్లాసు కాఫీ కాచడానికి లోపలికి పోయింది. ఏ నవ్వు నా మీద పడకూడదని అత్త ఇరవై ఏళ్ళు తన మీద వేసుకుందో ఆ నవ్వు ఇంతే, కాఫీ కాగేలోపల అయిపోయింది. పులిసిపోయిన గుంత తేరుకోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది, నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.