సంతలో కొన్న ఫినాయిలు

నా చిన్నప్పుడు ఫినాయిలు అనే మాట మా ఇంట్లోకి వాంతిభేదితో పాటే వచ్చింది. మాది గుమ్మఘట్ట పక్కన చిన్న పల్లె. ఆ ఏడు వానల్లేక బావి అడుగంటిపోయింది. బురద తేలిన నీళ్లే ఊరందరికీ గతి. మా ఇంట్లో ముందుగా మా అవ్వ ఆ జబ్బున పడింది. కొట్టంలో గోనెపట్ట మీద పడుకోబెట్టినారు. లేచి బయటికి పోయే శక్తి లేక అన్నీ ఆ పట్టమీదే. ఈగలు నల్లగా ముసిరేవి, తోలినా లేచేవి కావు. ఆ కంపుకు నేను గడప దాకా పోయి వెనక్కి తిరిగి వచ్చేదాన్ని.

మా అమ్మ మొదట్లో తనకు తెలిసిందే చేసింది. మురికిమీద సున్నం చల్లేది, గుడ్డలు ఉడకబెట్టేది, కాచి చల్లార్చిన నీళ్లే మాకు తాగనిచ్చేది. నీళ్లకూ కట్టెలకూ కరువున్న రోజుల్లో అది మామూలు కష్టం కాదు. అందుకే మా నాయన సంతలో ఒక ఫినాయిలు సీసా కొనుక్కొచ్చినప్పుడు అమ్మకు ప్రాణం లేచొచ్చినట్టయింది. సీసా మీద రంగుల్లో లక్ష్మీదేవి బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో 'సర్వ క్రిమి సంహారి'. మూత తీస్తే ముక్కు అదిరిపోయేది.

"ఇంత ఘాటుంటే యా పురుగు బతుకుతాది?" అన్నాడు నాయన.

ఆ ధీమాతో సున్నం మానేశాం, గుడ్డలు ఉడకబెట్టడమూ మానేశాం. ఆ సీసాలోది కాస్త కలిపిన నీళ్లే గోనెపట్ట మీద పోసి, వాటిలోనే అవ్వ గుడ్డలు జాడించి, ఆ నీళ్లతోనే చేతులు కడుక్కుని, ఆ చేతులతోనే సంగటి తిన్నాం.

తర్వాత మా చెల్లెలు పడింది.

పక్కింటి అక్క రాయదుర్గంలో నర్సు పని చేసేది. సెలవు మీద ఊరికొచ్చి, సంగతి విని నేరుగా మా కొట్టంలోకి వచ్చింది. ఒక పుల్లతో గోనెపట్ట అంచు పైకెత్తింది. కింద తడిలో తెల్లటి పురుగులు బిలబిలలాడుతున్నాయి. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరు పోసిన మందులోనే ఈదుతాండాయి చూడు చిన్నాయనా," అంది అక్క నాయనతో. సీసా చేతికి తీసుకుని, వెనకా ముందూ తిప్పి చూసి మొహం చిట్లించింది. "దేవత బొమ్మ ఉండాది. చేసినోని పేరు యాడుండాది?"

తన ఇంటికోసం పట్నం అంగట్లో కొన్న సీసా తెచ్చి, రెండు చెంబుల నీళ్లు పెట్టి, ఒకదాంట్లో అదీ, ఇంకోదాంట్లో మాదీ పోసింది. ఆమె పోసింది పాలలాగా తెల్లగా విరిసింది. మాది పైన జిడ్డు తెట్టుగా తేలింది. నన్ను పిలిచి తన సీసా చీటీ మీద వేలు పెట్టి చూపించింది. అది ఇంగ్లీషులో ఉంది, నాకు రాదు. ఇది చేసినోళ్ల పేరు, ఇది వాళ్ల ఊరు, ఇది సర్కారు ఇచ్చిన లైసెన్సు నంబరు, ఇది ఎన్ని నీళ్లకు ఎంత కలపాలో అని ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. "ఇవి లేకుంటే అది ఉత్త వాసనే పాపా," అంది.

ఆ పూటే గోనెపట్ట కాల్చేసి, చెల్లెల్నీ అవ్వనీ బండిలో రాయదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయారు. చెల్లెలు బతికింది. అవ్వ తిరిగి రాలేదు.

తర్వాతి సంతకు నాయన ఆ సీసా పట్టుకుని పోతుంటే నేనూ వెంటబోయాను. ఆ సీసా అమ్మినవాడు అక్కడే కూర్చుని, అదే నీళ్లను పశువుల పుండ్లకు మందని అమ్ముతున్నాడు. ఈసారి బొమ్మ ఆంజనేయస్వామిది.

"దీన్ని చేసినోని పేరేందో చెప్పప్పా," అన్నాడు నాయన.

"పేరుతో ఏం పనన్నా, వాసన చూడు," అని వాడు నవ్వాడు.

నాయన సీసాలో మిగిలినదంతా వాడి ముందే మట్టిలో కుమ్మరించి, దానిమీద ఉమ్మేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు కొనబోయిన సీసాలు కింద పెట్టేశారు.

ఇప్పుడు మా కోడలితో అంగడికి పోతే పూల వాసనల సీసాలు వరసగా కనిపిస్తాయి. ఏది చేతికి తీసుకున్నా ముందు వెనక్కి తిప్పుతాను. నా కళ్లకు ఆ చిన్న అక్షరాలు ఆనవు, పక్కనున్న పిల్లలెవరితోనైనా చదివించుకుంటాను. చేసినవాళ్ల పేరూ ఊరూ సర్కారు నంబరూ చెవినబడేదాకా ఆ సీసాను బుట్టలో పెట్టనివ్వను.