మేవిస్ గారి పచ్చి సున్నం

ఇంగ్లండులోని మా సఫోక్ పల్లెలో మేవిస్ గారడ్‌ను టీకి పిలవాలంటే గుండెధైర్యం కావాలి. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ కళ్ళు మనిషిని చూడవు, చలి కాచుకునే గోడపొయ్యిని చూస్తాయి. పాత ఇటుకల సందున సిమెంటు కనిపించిందా, ఇక టీ చల్లారాల్సిందే. చేతిసంచీలో బిస్కెట్ల పక్కనే, ఆ సిమెంటును చెక్కేయడానికి ఉలి ఉంటుంది.

"ఎవడు చేశాడీ ఘోరం?" అని పాదిరిగారింట్లో ఒకసారి కేకలేసింది.

"దేవుడు మోషేకిచ్చిన ఆజ్ఞల్లో సిమెంటు మాట లేదు కదమ్మా!" అన్నారు పాదిరిగారు.

"మోషే కాలంలో ఇంత దుర్మార్గం లేదు! సున్నమైతే తాను అరిగి ఇటుకను కాపాడుతుంది. సిమెంటు ఇటుకను చంపి తాను బతుకుతుంది!"

భార్య చనిపోయిన ఏడాది, మా ఊరి సిరిల్ థర్కెటిల్ తన ఇంట్లో పొయ్యిని శాశ్వతంగా మూసేద్దామని సిమెంటు బస్తా తెచ్చాడు. ఆ వార్త గాలికంటే ముందే మేవిస్‌కు చేరింది. వెళ్ళి బస్తా మీద కూర్చుంది.

"లే మేవిస్. నా పొయ్యి, నా ఇష్టం. ఒక్కడికి మంటెందుకు?"

"నీ పొయ్యా? మీ ముత్తాతకంటే పెద్దది. మూసేముందు దాన్నడిగావా, సిగ్గులేనివాడా?"

వాన వచ్చినా లేవలేదు. బస్తా తడిసి రాయైపోయింది. ఇప్పటికీ సిరిల్ గుమ్మం పక్కనే అరుగులా పడి ఉంది. ఆవిడ వెళ్ళేటప్పుడొక తన్ను, వచ్చేటప్పుడొక తన్ను.

తర్వాత తనే మోకాళ్ళమీద కూర్చుని, మసిబారిన ఇటుకలను ఊడదీసి, తోమి, సున్నంతో మళ్ళీ పేర్చింది.

"సున్నం ఆరేదాకా నిప్పు పెట్టావో, నిన్ను లోపల పెట్టి ఇటుకలు పేరుస్తా!"

"మరి చలికి చావనా?"

"మా ఇంట్లో పొయ్యి లేదూ? సాయంత్రం రా. సూప్ పోస్తా. బాగుందని పొగిడావో, గెంటేస్తా."

ఆ చలికాలమంతా సందుకు అవతలి మేవిస్ ఇంటి నుంచి వాళ్ళ పోట్లాట, పుల్లలు చిటపటలాడినట్టు, మా కిటికీదాకా వినిపించేది. పొద్దున్నే ఆవిడ సిరిల్ ఇంటికి వెళ్ళి అతుకుల్లో బొటనవేలు నొక్కేది. "పచ్చి! ఛీ, ఏం సున్నం, ఏం దేశం!"

క్రిస్మస్ వెళ్ళింది. చలికాలం చివర మంచులోంచి తెల్లపూలు తలెత్తాయి. సున్నం ఇంకా పచ్చే.

"మా ఇంట్లో మీరు పెట్టిన సున్నం నెలకే ఆరింది కదండీ?" అన్నాను.

ఆవిడ చెవులు ఇటుకల్లా ఎర్రబడ్డాయి. "నీది తొందరపాటు పొయ్యి! పని చూసుకో!"

ఒకనాటి సాయంత్రం నిచ్చెన తిరిగివ్వడానికి సిరిల్ ఇంటికి వెళ్ళాను. అతను మేకుతో అతుకును గీకి చూస్తున్నాడు. మేకు వంగింది గాని సున్నం మీద గీత కూడా పడలేదు.

"రాయైపోయిందే!" అన్నాను.

సిరిల్ వంగిన మేకును గబుక్కున జేబులో వేసుకుని, గడియారం చూసి, కోటు తొడుక్కున్నాడు.

"మేవిస్‌కి చెప్పకు నాయనా," అన్నాడు గుసగుసగా. "సాయంత్రాలు తిట్టుకోవడానికి పాపం ఆవిడకి మాత్రం ఎవరున్నారు?"