మోకాళ్ళు కనిపించే దెయ్యాలు

మా ఆర్విల్ బావకు ఈ లోకంలో వస్తువులు కనిపించవు, ప్రమాదాలు కనిపిస్తాయి. మనకు మెట్టు కనిపించిన చోట ఆయనకు విరిగిన కాలు కనిపిస్తుంది. మనం ద్రాక్షపండును చూస్తే, ఆయన అది గొంతుకడ్డం పడి గుడ్లు తేలేసిన మనిషిని చూస్తాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మా బావ అడుసే లేని ఊళ్ళో కూడా అందరిచేతా బూట్లు తొడిగించే రకం.

మా వెర్నా అక్కతో పెళ్ళినాడే ఈ సంగతి బయటపడింది. చర్చిలో పాస్టరు గారు గొంతు సవరించుకుని, "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని అడిగారు. బావ జవాబు చెప్పకుండా పాస్టరు గారి కాళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. చుట్టాలంతా ఊపిరి బిగబట్టారు. మా అమ్మ రుమాలు తీసింది.

"స్వీకరిస్తున్నాను గానీ, మీరింకో అడుగు వెనక్కి వేయకండి. అక్కడ మెట్టుంది" అన్నాడు బావ.

ఆ కంగారులో పాస్టరు గారు వెనక్కే అడుగు వేశారు. విందుకు కుంటుకుంటూ వచ్చారు పాపం. బావ మాత్రం కొత్త పెళ్ళికూతుర్ని వదిలేసి, ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి "నేను ముందే చెప్పానా లేదా?" అని సాక్ష్యాలు పోగు చేసుకున్నాడు.

అయోవా రాష్ట్రంలో మా చిన్న ఊరికంతటికీ ఇనుప సామాన్ల కొట్టు ఆయనదే. నిచ్చెన కొందామని వెళ్తే అమ్మడు. "ఎందుకయ్యా ఎక్కడం? పైన ఏముందని?" అంటాడు. సుత్తి అడిగితే ముందు నీ బొటనవేలు చూపించమంటాడు. ఆ కొట్టు ఇన్నాళ్ళూ ఎలా నిలబడిందో మా అక్కకే తెలియాలి.

అలాంటి మనిషికి హాలోవీన్ వస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. చీకటి. ముసుగులు. కడుపులో దీపం పెట్టుకున్న గుమ్మడికాయలు. సంచులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే పిల్లలు. అక్టోబరు మొదలైందంటే చాలు, బావ మెడలో ఈల వేలాడేసుకుని పడుకునేవాడు.

పండగనాడు మధ్యాహ్నం ఊళ్ళో పిల్లలందరూ వేషాలతో ఆయన షెడ్డు ముందు వరసలో నిలబడాల్సిందే. పరుగెత్తాలి, పడాలి, లేవాలి. లేవలేకపోతే వేషం చెల్లదు. దుప్పటి కప్పుకున్న దెయ్యం కాలికి దుప్పటి తగులుకుంటుందని, కత్తెర తీసి మోకాళ్ళ దాకా కత్తిరించేవాడు. లోకంలో ఎక్కడి దెయ్యాలకైనా కాళ్ళుండవంటారు గానీ, మా ఊరి దెయ్యాలకు మోకాళ్ళతో సహా కనిపిస్తాయి. సముద్రపు దొంగ వేషం వేసిన కుర్రాడు కంటికి నల్లగుడ్డ కట్టుకొస్తే, "రెండు కళ్ళూ రోడ్డు మీదుండాలి" అని ఆ గుడ్డను నుదుటి మీదికి జరిపాడు. చేతిలో కత్తి లాక్కుని కీరదోసకాయ పెట్టాడు. ఆ దొంగ రెండో ఇంటికి చేరేసరికి ఆయుధం తినేశాడు.

ఇక చీకట్లో మెరిసే టేపు సంగతి. పిల్లలకు అంటించాడు, కుక్కలకు అంటించాడు, పిల్లులు దొరకలేదు గానీ దొరికితే వాటికీ అంటించేవాడు. ఒకసారి నేను బూటు లేసు కట్టుకోవడానికి వంగితే వెనకనుంచి నాకూ అంటించాడు. ఆదివారం నేను చర్చిలో పాటకు లేచినప్పుడల్లా వెనక బెంచీల్లో కిసుక్కుమంటుంటే, నా గొంతు బాగాలేదేమో అనుకున్నాను.

ఆయన వేసే వేషం మాత్రం ఏటా ఒక్కటే. రోడ్డు మీద గుంత తవ్వినప్పుడు పెడతారే, ఆ నారింజరంగు కోను. తల నుంచి మోకాళ్ళ దాకా కోనే. అలా పిల్లల వెనక ఊరంతా తిరిగేవాడు. కార్లవాళ్ళు రోడ్డు పనులనుకుని పక్కదారి పట్టి పోయేవారు.

ఇంతవరకూ అందరికీ నవ్వులాటే. ఇబ్బంది మా ఇంట్లో మొదలైంది.

మా వైపు హాలోవీన్‌కు ఇంటిముందు నిలబడి జోకు చెప్పందే మిఠాయి పెట్టరు. మా అమ్మాయి ఐవీకి నత్తి. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, నత్తి వచ్చినా లెక్కచేయదు. కొత్త గుమ్మంలో నలుగురి ముందు నిలబడితే మాత్రం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. ఏడేళ్ళప్పుడు ఎథెల్ టీచరు గుమ్మంలో అలాగే ఆగిపోయింది. వెనకున్న పిల్లలు "త్వరగా చెప్పు, త్వరగా చెప్పు" అని తోశారు. పిల్ల వెనక్కి తిరిగి ఇంటికి నడిచొచ్చేసింది. సంచి ఖాళీ.

ఎనిమిదో ఏడు వచ్చాక తను గుడ్లగూబ వేషం వేసుకుంటానని రెక్కలు కుట్టించుకుంది. తీరా పండగ దగ్గర పడ్డాక, "నాన్నా, నేను వేషం వేసుకుని ఇంట్లోనే కూచుంటా" అంది. వెళ్ళమని ఎలా చెప్పను? వద్దని ఎలా అనను?

ఆ సంగతి మా అక్కతో చెప్పుకుంటుంటే బావ పక్కనే కూర్చుని కుర్చీ కాళ్ళు కదులుతున్నాయేమో చూస్తున్నాడు. విన్నాడో లేదో కూడా తెలియలేదు.

పండగకు రెండు రోజుల ముందు ఊళ్ళో బావ కొత్త ఆజ్ఞ వెలువడింది. ఇకమీదట ఎవరూ ఒంటరిగా జోకు చెప్పకూడదు. పిల్లలందరూ కలిసి, ఒకే జోకు, ఒకే గొంతుతో చెప్పాలి.

నాకు ఒళ్ళు మండింది. కొట్టుకు వెళ్ళి పట్టుకున్నాను. "ఏంటి బావా ఇది? పండగా, కవాతా?"

"ఒరేయ్ డ్వేన్, నువ్వు ఆలోచించవు. పిల్లల నోట్లో మిఠాయి ఉంటుందా? ఒకడు జోకు చెప్తే మిగతావాళ్ళు నవ్వుతారా? నవ్వితే అది గొంతుకడ్డం పడుతుందా?"

"పడితే?"

"అందుకే అందర్నీ చెప్పమంటున్నా. అందరూ చెప్పేవాళ్ళే అయితే నవ్వడానికి ఎవడూ మిగలడు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం? దండం పెట్టి వచ్చేశాను.

జోకు కూడా ఆయనే ఎంచాడు. దెయ్యం డాక్టరు దగ్గరికెళ్తే డాక్టరేమన్నాడు? మొన్ననే రావాల్సింది అన్నాడు. "ఇందులో నీతి ఉంది. ఏ జబ్బయినా ముందే చూపించుకోవాలి" అని పిల్లలకు వివరించాడు. షెడ్డులో సాధన పెట్టించాడు. ఈల ఊదితే మొదలు, ఇంకోసారి ఊదితే ఆపు. ఐవీ కూడా వచ్చి తీరాల్సిందేనని కబురు పెట్టాడు. గుడ్లగూబ లేకపోతే వరసలో ఖాళీ వస్తుందట, ఖాళీలో ఎవరైనా కాలు పెట్టి పడతారట.

పండగ సాయంత్రం నేనూ అక్కా టార్చిలైట్లు పట్టుకుని వెనక నడిచాం. ముందు కోను, దాని వెనక మోకాళ్ళ దెయ్యాలు, నుదుటిగుడ్డ దొంగ, గుడ్లగూబ, ఇంకా అరడజను మంది. ఇల్లిల్లూ తలుపు తట్టడం, ఈల, జోకు, ఈల. జనం జడుసుకుని మిఠాయి ఇచ్చేస్తున్నారు. ఆ గోలలో ఐవీ గొంతు నాకు విడిగా వినిపించలేదు. పెదాలు మాత్రం కదిలిస్తోంది పాపం అనుకున్నాను.

ఎథెల్ టీచరు ఇంటి దగ్గర మా ఊరేగింపు ఆగింది. ఆవిడ మా ఊళ్ళో అందరికీ ఎక్కాలు నేర్పిన మనిషి. బావకైతే రెండుసార్లు నేర్పింది. పిల్లలు నోరు తెరవబోతుండగానే చెయ్యెత్తింది.

"ఆగండి. మీరు ఊరంతా చేసొచ్చిన భజన విన్నాను. నా గుమ్మంలో కుదరదు. ఒకరికొక జోకు, ఒకరికొక మిఠాయి. ముందు నువ్వు రావే, గుడ్లగూబా."

పోయినేడు నిలబడ్డ మెట్టు మీదే నిలబడింది పిల్ల. నోరు తెరిచింది. మాట రాలేదు. రెక్కలు నెమ్మదిగా ముడుచుకుంటున్నాయి.

కోను వచ్చి ఇద్దరి మధ్యా అడ్డం నిలబడింది.

"టీచరు గారూ, ఒక్కొక్కరే వస్తే మీ మెట్ల మీద బరువు ఒకవైపే పడుతుంది."

"సిమెంటు మెట్లయ్యా ఇవి."

"సిమెంటే మోసం చేస్తుంది. పైగా మీరు ఇన్ని జోకులకు ఇన్నిసార్లు నవ్వడం మీ వయసుకు మంచిది కాదు. ఒక్కసారే నవ్వేసి ఊరుకోండి."

"నీ జోకులకు నేనెప్పుడు నవ్వానయ్యా ఆర్విల్?"

"నవ్వాపుకోవడం ఇంకా ప్రమాదం" అంటూ బావ ఐవీ పక్కకు జరిగి, ఈల ఊది, తానే గొంతెత్తాడు. "దెయ్యం డాక్టరు దగ్గరికెళ్తే..."

పిల్లలు అందుకున్నారు. ఈసారి నేను మెట్ల దగ్గరగా ఉన్నాను కాబట్టి విన్నాను. అన్ని గొంతుల మధ్యా ఐవీ గొంతు మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎక్కడా ఆగకుండా, చక్కగా, పెద్దగా వచ్చింది. చేతిలో టార్చిలైటు ఏ చెట్టు మీదికి పోయిందో నాకు తెలియదు.

ఎథెల్ టీచరు కోను వంక చూసింది, గుడ్లగూబ వంక చూసింది. "సరే, భజనే కానివ్వండి" అని మిఠాయి బుట్ట ముందుకు తోసింది.

దారిలో మా అక్క నెమ్మదిగా చెప్పింది. "చర్చిలో అందరూ కలిసి పరలోక ప్రార్థన చెప్పేటప్పుడు నీ కూతురు ఎక్కడా తడబడదటరా. మీ బావ ప్రతి ఆదివారం వెనక్కి తిరిగి చూస్తుంటే, మంటలార్పే డబ్బా కోసం వెతుకుతున్నాడేమో అనుకున్నా."

పరుగున వెళ్ళి బావ పక్కన చేరాను. "బావా, నిజం చెప్పు. ఈ కలిసి చెప్పడం ఎవరి కోసం పెట్టావు?"

"గొంతుకడ్డం పడకుండా ఉండాలని చెప్పా కదరా. పక్కకు నడు, గుంత ఉంది" అన్నాడు.

మా ఇంట్లో ఐవీ సంచి బల్ల మీద బోర్లించింది. ఒక చాక్లెట్ బుగ్గన పెట్టుకుని, "మామయ్యా, వచ్చే ఏడు నేనొక్కదాన్నే చెప్తా" అంది.

"ఒ-ఒక్కదానివా?" అన్నాడు బావ. తడబడింది ఆయనే. "మరి మధ్యలో ఆగిపోతే?"

"ఆగితే ఆగుతా. వాళ్ళు మి-మిఠాయి పట్టుకుని నిలబడి ఉంటారుగా, ఎక్కడికి పోతారు?"

బావ కోను సర్దుకున్నాడు. "అంతసేపు నిలబడితే పెద్దవాళ్ళకు మోకాళ్ళు పట్టేస్తాయి" అని, చీకట్లోనే తన షెడ్డుకు వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు గుడ్లగూబ ముందు నడిచింది. వెనక మడతకుర్చీ మోసుకుంటూ కోను నడిచింది. ప్రతి గుమ్మంలోనూ బావ కుర్చీ విప్పి, కాళ్ళు కదలడం లేదని రెండుసార్లు నొక్కి చూసి, ఇంటివాళ్ళను కూర్చోబెట్టాడు. ఎథెల్ టీచరు కూడా గొణుక్కుంటూ కూర్చుంది. ఐవీ మొదలుపెట్టింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది, ఇంకోచోట ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు. తీరిగ్గా జోకు పూర్తి చేసింది.

ఎథెల్ టీచరు నవ్వింది. మిఠాయి బుట్ట ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకోటుంటే చెప్పవే, ఎలాగూ కూర్చున్నాగా" అంది.