'కూర్చో' అనని బావమరిది

మా బావమరిది నోట ఏ మాటైనా వినవచ్చు, ఒక్క 'కూర్చో' తప్ప. ఇంటికి ఎవరొచ్చినా, "రండి రండి, కుర్చీ ఖాళీగానే ఉంది" అంటాడు. అర్థం కానివాళ్లు రైలు కోసం చూస్తున్నట్టు గంటసేపు కాళ్లు మార్చుకుంటూ నిలబడి వెళ్లిపోతారు.

"ఆ ముక్క అంటే పళ్లు రాలతాయట్రా?" అన్నాను ఒకసారి.

"పళ్లు కాదు బావా, దీని చదువు రాలిపోతుంది" అని కుక్కను చూపించాడు.

వాడు ఆసుపత్రిలో కుక్కకు మేష్టారు. వరసగా పెట్టిన మూత్రం సీసాలను కుక్క వాసన చూస్తూ పోతుంది. క్యాన్సర్ వాసన తగిలిన సీసా ముందు చతికిలబడుతుంది. అదే దాని రిపోర్టు. చిన్నప్పుడు పెరిగిన ఇంట్లో 'కూర్చో' అంటే కూర్చోవడం నేర్చుకొచ్చిందట. ఆ అలవాటు మరిపించాలట.

వాడి పెళ్లిలో ఫొటోగ్రాఫరు "కూర్చోండమ్మా" అనగానే వాడి అత్తగారి కంటే ముందు కుక్క కూర్చుంది, సరిగ్గా ఆవిడ ఎదురుగా. పాపం, ఆవిడ ఇప్పటికీ వారానికో పరీక్ష చేయించుకుంటోంది.

కిందటేడు కుక్కతో మా ఇంటికి వచ్చాడు. అది నా చుట్టూ రెండుసార్లు తిరిగి, ముక్కెగరేసి, నా ముందు కూర్చుంది. 'కూర్చో' అన్న మాట ఎవరి నోటా వినపడలేదు. మా ఆవిడ మొహం పాలిపోయింది.

"ఏరా, అదెందుకు కూర్చుంది?"

"నేనే గొణిగానక్కా, కూర్చోమని!" వాడు పకపకా నవ్వి, చెప్పుల స్టాండు దగ్గరికి లాక్కెళ్లి "కూర్చో!" అన్నాడు. కూర్చుంది. కుట్టుమిషను ముందు "కూర్చో!" కూర్చుంది. "చూశావా? నీ మిషనుకీ జబ్బేనక్కా!"

మా ఆవిడ నవ్వేసింది.

వెళ్తూ నన్ను పక్కకు పిలిచాడు. "బావా, కొత్త స్కానింగు మిషను వచ్చింది. పనిచేస్తోందో లేదో చూడ్డానికి నీలాంటి పహిల్వాను కావాలి. రేపు పొద్దున్నే రా."

మిషన్ను పరీక్షించడానికి ఛాతీ విరుచుకుని వెళ్లాను. అదే నన్ను పరీక్షించింది. మూత్రాశయంలో శనగగింజంత గడ్డ. వారంలో తీసేశారు. మొదట్లోనే దొరికింది, అదృష్టం అన్నాడు డాక్టరు.

ఆరు నెలలకు వాడు కుక్కతో నన్ను చూడవచ్చినప్పుడు నిలదీశాను.

"నిజం చెప్పు. ఆ రోజు గొణిగావా?"

"లేదు బావా. మిషను తేల్చేదాకా అక్క కంటిమీద కునుకుండాలి కదా."

"మరి కుక్క చదువు?"

"మళ్లీ అ ఆ ల నుంచి. నిన్ననే పాసయింది."

కుర్చీ ముందుకు లాగి, "కూర్చోరా" అన్నాను.

కుక్క కూర్చుంది.

"బావా!" వాడు తల పట్టుకున్నాడు. "ఇంకో ఆరు నెలలు!"