ముత్తవ్వ వచ్చేదాక

మొన్న నిజామాబాదులో ఒక పెళ్లికి వెళ్లాను. వంట ఇంకా కాలేదు. వేదిక మీద పాటల బృందం వాళ్లు వాయిద్యాలు సరిచూసుకుంటున్నారు. కీబోర్డు మీద ఎవరి వేలో జారి, పక్కపక్కనున్న తెల్లమెట్టూ నల్లమెట్టూ ఒక్కసారే మోగాయి. పక్కనున్న మా మరదలు పళ్లు జివ్వుమన్నట్టు మొహం చిట్లించింది. నేను మాత్రం గిరుక్కున వెనక్కి తిరిగాను. అలా రెండు మెట్లను కావాలనే కలిపి నొక్కే మనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి తెలిసీ తిరిగి చూశాను.

ఆయన పేరు సాల్మన్. 1960లలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్ల క్లబ్బులో పియానో వాయించేవారు. ఆ పేరు మీరు విని ఉండరు. ఆయన పేరు మీద ఒక్క గ్రామఫోన్ రికార్డూ లేదు. లేకపోవడంలో నా వంతు కూడా ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను. నిజామాబాదులో చర్చి హార్మోనియం మీద వేళ్లు తిప్పడం నేర్చుకొని, ముందు సికింద్రాబాదులో, తర్వాత బొంబాయి హోటళ్లలో, జాజ్ బృందాలతో ఇరవై ఏళ్లు వాయించారట. జోడీలు డాన్సు చేస్తుంటే మధ్యలో ఒగ్గుకథ దరువు దూర్చేవారట. "కిచిడీ సాల్మన్ అని పేరు వెట్టిండ్రు. కిచిడీ అయితే ఏంది, కడుపు నిండుతది గద!" అని నవ్వేవారు. ఏ బృందమూ ఎక్కువ రోజులు ఉంచుకోక చివరికి మా వైపు వచ్చేశారు. పొద్దున పూట క్లబ్బు ఖాళీగా ఉండేది. అప్పుడు సొంత పాటలు కట్టుకునేవారు.

నేను అప్పుడు బోధన్‌లో బడి పంతులమ్మను. మా ఊరు మోస్రా. ఒక వానాకాలం సెలవుకు ఇంటికి వెళితే, మనుషులు చాలడం లేదని అమ్మ నన్నూ నాట్లకు దింపింది. మోకాలి లోతు బురదలో నేను పాట ఎత్తుకుంటున్నాను, వెనక ఆడవాళ్లు అందుకుంటున్నారు. పక్కనున్న వర్ని ఊరికి పోయే దారిలో సైకిలు ఆపి ఒక ప్యాంటు మనిషి నిలబడ్డాడు.

"ఎవడే గాయన, కొంగ లెక్క ఒంటికాలు మీద నిలవడ్డడు?" అంది ముత్తవ్వ. నాట్లేసే మా వరసలో అందరికన్నా పెద్దది, అందరికన్నా నిదానం. నోరు మాత్రం నిదానం కాదు.

ఆయన చెప్పులు విప్పి ఒడ్డు మీదికి వచ్చారు. "బిడ్డా, ఒక చరణం అయినంక ఇంకోటి ఎత్తేముందు ఆగుతున్నవ్. ఒకపాలి జరంత, ఒకపాలి శానసేపు. లెక్కేంది దానికి?"

"లెక్కేం లేదు సారూ. ముత్తవ్వ అందుకునేదాక ఎత్తద్దు. ఎత్తితె ఆమె ఎనక పడ్డదని అందరికీ తెలుస్తది."

మా దగ్గర అది రివాజు. ఎవరూ చెప్పి నేర్పలేదు. ఆయన ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయారు. వారం తిరక్కుండా నన్ను వెతుక్కుంటూ బోధన్‌లో మా బడికి వచ్చి, క్లబ్బులో పియానో వాయించే సాల్మన్‌నని చెప్పి, మీ ఊరి ఆడవాళ్లతో క్లబ్బులో పాడతావా అన్నారు.

నేను, ముత్తవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వెళ్లాం. పియానో చూసి ముత్తవ్వ, "గింత పెద్ద పెట్టె! ఎన్ని బస్తాల వడ్లు పడతయ్ సారూ?" అంది. ఆయన పడీ పడీ నవ్వారు. మా గొంతులు పలికే స్వరం ఆయన మెట్ల మీద ఎక్కడా దొరికేది కాదు. రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉండేది. అందుకే రెంటినీ కలిపి నొక్కేవారు. ఎడమ చెయ్యి చెరుకు బండిలా తాపీగా నడిచేది. కుడి చెయ్యి దానికి ఎదురు మాట చెప్పేది. జాజ్ అంటే ఏమిటి సారూ అని అడిగితే, "మీ నాట్ల పాటనే బిడ్డా, కాళ్లకు బురద ఉండదు" అన్నారు. డ్రమ్ము, బాస్ గిటారు వాయించేవాళ్లకు లెక్క కావాలి కదా అని, ముత్తవ్వ కోసం నేను ఆగే చోట ఎనిమిది దెబ్బలు రాసుకున్నారు. సాధన చేసినన్ని రోజులూ ఆమె ఎనిమిదిలోపే అందుకుంది.

రికార్డులు వేసే కంపెనీ ఆయన ఒకరు బొంబాయి నుంచి వినడానికి వచ్చారు. ఆ సాయంత్రం సాల్మన్ సారు పియానో మూత రెండుసార్లు తుడిచారు. "నా పేరు మీద ఒక్కటి వస్తె చాలు బిడ్డా. ఇరవయ్యేండ్లు పక్కోని పాటలే వాయించిన" అన్నారు.

మూడో చరణం దగ్గర ముత్తవ్వకు దగ్గు వచ్చింది. ఎనిమిది దెబ్బలు అయిపోయాయి. డ్రమ్ము మొదలైంది. నేను ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. డ్రమ్ము నాలుగడుగులు ఒంటరిగా నడిచి సిగ్గుపడి ఆగిపోయింది. సారు నన్ను చూశారు. నేను ముత్తవ్వను చూశాను. ఆయన మెట్ల మీంచి చేతులు తీసేశారు. దగ్గు తగ్గేదాకా అందరం ఆగాం. ముత్తవ్వ కొంగుతో నోరు తుడుచుకొని, ఏమీ జరగనట్టు అందుకుంది.

బొంబాయి ఆయన పాటను మెచ్చుకున్నారు. కానీ రికార్డు మూడు నిమిషాలే, ముసలామె కోసం ఆగేంత చోటు అందులో లేదు, ఈ ఆడవాళ్లను వదిలేసి బొంబాయి వస్తే అక్కడి గాయనితో చేద్దాం అన్నారు. సారు వారం గడువు అడిగారు. ఆ వారం నాతో మాట్లాడలేదు. నా నోట్లో మన్ను పడ, ఒక్క మాట ఎత్తుకుంటే ఏం పోయేదని నేను కుమిలిపోయాను.

ఎనిమిదో రోజు బడికి వచ్చారు. "కోపం వచ్చింది. అబద్ధమెందుకు, నీ మొకం చూడబుద్ధి కాలే. ఆయన చెప్పినట్టు ఇంట్ల వాయించి చూసిన. మంచిగనే కుదిరింది. కుదిరినంక అది నా పాట కాదనిపించింది. రానని కార్డు రాసిన" అన్నారు. స్వరాల కాగితం చూపించారు. ఎనిమిది అంకె కొట్టేసి, ఆ చోట తెలుగులో 'ముత్తవ్వ వచ్చేదాక' అని రాసి ఉంది.

ఏడుపు ఆగలేదు. "మీ రికార్డు నేనే ఖరాబు చేసిన సారూ."

"అవ్, చేసినవ్. ఏడువకు. పో, పిల్లలు లొల్లి చేస్తున్నరు."

రెండేళ్లకు ముత్తవ్వ పోయింది. ఆ ఏడు చెరుకు గానుగ మొదలైన రోజున క్లబ్బులో మళ్లీ ఆ పాటే పెట్టారు. ముగ్గురమే నిలబడ్డాం. ఆ చోటికి రాగానే సారు చేతులు తీసేశారు. డ్రమ్ము ఆగింది, బాస్ ఆగింది. ఎవరు రావాలో అందరికీ తెలుసు, రారనీ తెలుసు. నేను ఆయన వైపు చూశాను.

"ఎత్తు బిడ్డా," అన్నారు మెల్లగా. "ఆమె ముందల పోయింది. ఎనక పడ్డది మనమే."

1970లలో, క్లబ్బులో ఉద్యోగం చేస్తూనే ఆయనా పోయారు. ఆ కాగితం ఏమైందో తెలియదు. మాతో పాడిన ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు, పాట నా ఒక్కదానికే వచ్చు. ఆయన పేరు మీద ఒక్క రికార్డూ లేదన్న బాధ ఇన్నేళ్లలో గోరంత కూడా తగ్గలేదు. అయినా ఆ సాయంత్రమే మళ్లీ వచ్చి, ముత్తవ్వకు మళ్లీ దగ్గు వస్తే, నేను నోరు తెరవను.