అక్కగారికి రాసిన ఉత్తరాలు

ఈరోజు మా అమ్మాయి బడి నుంచి తెలుగు వాచకం తెచ్చుకుంది. ఇంట్లో మాట్లాడే భాషకే బడిలో ఒక గంట పెట్టడం దానికి తమాషాగా, మహా సులువుగా తోచి, క్లాసులో ఫస్టు తనదేనని గంతులు వేసింది. దాన్ని నిద్రపుచ్చి ఇలా కాగితాల ముందు కూర్చున్నాను గాని, ఆ పుస్తకం చూసినప్పటి నుంచి నాకు గుబులుగా ఉంది. నాన్నల ఉద్యోగాల వెంట ఈ ఊరు వచ్చి, హిందీ మధ్య పెరిగి, సొంత భాషను వారానికి మూడు గంటలు పరాయి భాషలా నేర్చుకున్న నా ఈడువాళ్లకి చెబితే అర్థమవుతుందేమో.

ఇక్కడి ఉక్కు ప్లాంటులో మొదటి ఫర్నేసు రాజేసిన రోజుల్లో మేము విజయనగరం దగ్గరి పల్లె నుంచి భిలాయి వచ్చి సెక్టర్ 4 క్వార్టరులో దిగాం. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. తెలుగు మాస్టారిది గోదావరికి అవతల ఊరు. మంచివారే, ఏనాడూ చెయ్యి చేసుకోలేదు, కాని మేము నోరు విప్పితే చాలు కళ్లు మూసుకుని, తెలుగు పిల్లలై ఉండి మీకు తెలుగు రాదర్రా అని నిట్టూర్చేవారు. ఆ మాట నాకెంత తగిలిందంటే, ఏడాది తిరిగేసరికి మా ఊరి మాట ఒక్కటీ నా నోట రాకుండా చేసుకున్నాను. ఉత్తరం రాయడంలో నావే మొదటి మార్కులు.

అమ్మకి చదువు రాదు. చిన్నప్పుడే తల్లి పోతే అమ్మను పెంచింది వాళ్లక్క, మా పెద్దమ్మే. నెలకోసారి ఆవిడకి ఉత్తరం వెళ్లాల్సిందే. నాన్నకి షిఫ్టులతో తీరిక చిక్కక ఆ పని నాకొచ్చింది. అక్కను అప్పా అని పిలుస్తూ, అమ్మ పొయ్యి దగ్గరి నుంచే చెప్పేది.

“అప్పా, ఏటి సేస్తన్నావు? మోకాళ్లు ఎలాగున్నాయి? నీ సేతి కూర తిని ఎన్నాళ్లయినాదో!”

నేను రాసేది: పూజ్యులైన అక్కగారికి నమస్కరించి వ్రాయునది, ఇచ్చట అందరము క్షేమము, తమరి ఆరోగ్యము గురించి తెలుపగలరు. మోకాళ్లూ కూరా ఉత్తరానికి తగవని వదిలేసేదాన్ని. చదివి వినిపించమంటే మాత్రం, కాగితం కేసి చూస్తూ అమ్మ చెప్పిన మాటలే అప్పజెప్పేదాన్ని.

రెండేళ్లలో పెద్దమ్మ జవాబులు పొట్టివై, చివరికి ఆగిపోయాయి. కోపమొచ్చిందేమోనని అమ్మ దిగులు పడితే, నేను ఇంకా మర్యాదగా రాశాను. ఒకరోజు టెలిగ్రాం వచ్చింది. రాయపూర్ వెళ్లి పాసింజరెక్కి అమ్మా నేనూ ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. నాలుగు నెలలు మంచంలోనే ఉందట.

అమ్మ గడపలోనే కూలబడింది. “నాకొక్క ముక్క రాయించలేకపోనారా?”

“ఏటి రాయించమంటావు పిన్నీ?” పెద్దమ్మ కూతురు ఏడుస్తూనే అంది. “గారూ, తమరూ అని నువ్వు రాయిస్తంటే, సదివించుకున్నప్పుడల్లా అమ్మ ఏడిసీది. అది పెద్దింటిదైపోనాది, మనం పరాయోలం, దానికి మన రోగాలు సెప్పకండి అనీసినాది.”

అమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. తాను చెప్పింది వేరని, నేను రాసింది వేరని అక్కడ ఎవరితోనూ అనలేదు. తలవంచుకుని, తప్పు తనదేనంది. తిరుగు రైల్లోనైనా తిడుతుందని రాయపూర్ దాకా ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది.

తర్వాత నేను బి.ఏ. చదివాను, పెళ్లయింది, నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆమె ఉత్తరం రాయించుకోవాల్సిన వాళ్లెవరూ ఇప్పుడు లేరు. నాతో మాట్లాడేటప్పుడు ఆవిడ ఒక్కొక్క మాటా ఏరుకుంటుంది. ఏటి అనబోయి ఏమిటి అంటుంది, కొత్తవాళ్ల ఇంటికి వచ్చినట్టు. ఒక్కత్తీ బియ్యం చేటతో కూర్చున్నప్పుడు మాత్రం, అప్పా అంటూ ఆ పాత మాటల్లో ఏవేవో కష్టసుఖాలు గొణుక్కుంటుంది. నేను లోపలికి అడుగు పెడితే ఆపేస్తుంది. అందుకే ఈమధ్య గుమ్మం ఇవతలే నిలబడిపోతున్నాను.