వరద తీసిన మర్నాడు

నా చిన్నప్పుడు గోదావరి మా ఇంటికి ఏటా కొంత దగ్గరగా జరిగేది. మాది లంక ఊరు. చుట్టూ ఏరు, మధ్యలో మేము. మా పెరటికీ ఏటికీ మధ్య ఒకప్పుడు పెద్ద కొబ్బరితోట ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి రెండు వరుసల చెట్లు మిగిలాయి. అడుగున ఇసుక, పైన ఒండ్రు, అదీ మా నేల. ఏరు ముందు అడుగునున్న ఇసుకను తినేస్తుంది. ఆ తరువాత పైనున్న మట్టి నిలవలేక విరిగి పడుతుంది. మా వైపు కోసుకున్న మట్టిని మోసుకుపోయి ఆవలి వైపు మేట వేస్తుంది. పోయిన భూమి ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, మనది మాత్రం కాదు. ఇల్లు అమ్ముదామంటే ఏటి ఒడ్డున ఇల్లు కొనే అమాయకుడు ఎక్కడ దొరుకుతాడు? అందుకని అక్కడే పడి ఉండేవాళ్ళం.

తొంభైల్లో, నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, శ్రావణమాసంలో పెద్ద వరద వచ్చింది. ధాన్యం బస్తాలు అటకెక్కించి, గొడ్లను మెరకకు తోలి, ఇంటికి తాళం వేసి, ఊరివాళ్ళతో పాటు మేమూ బడి డాబా మీదికి చేరాం. నాన్న, అమ్మ, చంటిపిల్లాడైన తమ్ముడు, మామ్మ, నేను. మామ్మంటే నాన్నగారి అమ్మ. రేవులో పడవలు ఆపేశారు. ఎటు చూసినా ఎర్రనీళ్ళే. కాళ్ళు చాపితే ఇంకొకళ్ళకు తగిలేవి. తడిబట్టల ముక్క వాసన, పిల్లల ఏడుపులు, పెద్దవాళ్ళ చిరాకులు. పిట్టగోడ పట్టుకుని నిలబడితే దూరంగా మా ఇంటి పెంకులు కనిపించేవి. వాటిని చూస్తూ లోపల్లోపల ఏడ్చుకునేదాన్ని. ఇంటికి పోతే చాలు, ఇంకేమీ అడగనని గోదారమ్మకు మొక్కుకున్నాను కూడా.

చివరికి వరద తీసింది. వచ్చినంత జోరుగానే తీసింది. ఎండ కాసింది. జనం పారలూ చీపుళ్ళూ పట్టుకుని ఇళ్ళకు పరుగులు పెట్టారు. ఇంట్లో చేరిన ఒండ్రుబురదను పచ్చిగా ఉన్నప్పుడే బయటికి తోసెయ్యాలి. ఆరిందంటే ఇటుకలా బిగుస్తుంది, ఇక గునపంతో తవ్వుకోవాలి. ఆ సంగతి లంకలో పసిపిల్లలకు కూడా తెలుసు. అలాంటిది మేం మాత్రం కదల్లేదు. తాళంచెవి నీళ్ళలో జారిపోయిందని మామ్మ చెప్పింది. ఖాళీ అయిన డాబా మీద, అందరూ వెళ్ళిపోయాక మిగిలిన చెత్త మధ్య, మేం ఐదుగురమే ఉండిపోయాం. జనం ఉన్నప్పటికన్నా అప్పుడే నాకు ఎక్కువ ఊపిరాడలేదు.

అంతలో తమ్ముడి గుడ్డలు పిండడానికి మామ్మ వంగింది. ఆమె రొంటిన దోపుకున్న చెంగులోంచి తాళంచెవి తొంగిచూసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్నతో చెప్పేస్తానన్నాను. ఆమె బెదిరించలేదు, బతిమాలలేదు. నన్ను కిందికి తీసుకెళ్ళి, ఒక బేసినులో ఒక పక్కన సగం వరకూ తడిమట్టి గట్టులా మెత్తి, దాని అంచున చీపురుపుల్ల గుచ్చింది. మిగతా సగంలో నిండా నీళ్ళు పోసింది. మట్టి కదలలేదు. కాసేపు నాననిచ్చి, ఆ నీళ్ళను గ్లాసుతో గబగబా తోడేసింది. నీళ్ళు ఉన్నంతసేపూ నిలబడ్డ మట్టి, నీళ్ళు పోగానే పొట్టలా ఉబ్బి, పుల్లతో సహా జారి కూలింది.

"వరదలో ఒడ్డుకి ఆ నీళ్ళే ఆసరానే అమ్మాయ్. నీళ్ళు తీస్తే నానిన మట్టిని పట్టుకునేదెవరు? మీ తాతయ్యగారిని వరద తీసుకుపోలేదు. వరద తీసిన మర్నాడు, ఎండగా ఉంది కదా అని ఒడ్డు మీద కొబ్బరికాయలు ఏరడానికి వెళ్ళారు."

ఈ మాట నాన్నకు చెప్పలేదా అని అడిగాను. ఎన్నోసార్లు చెప్పిందట. తాతయ్య కాలు జారి పోయారనీ, మామ్మే ఏదో ఊహించుకుంటోందనీ నాన్న కొట్టిపారేశాడట. అందుకే తాళంచెవి దాచింది.

మేం డాబా మీదికి వచ్చేసరికి నాన్న లేడు. ఎవరి దగ్గరో గునపం అడిగి తెచ్చుకుని, తాళం పగలగొట్టడానికి వెళ్ళాడని అమ్మ చెప్పింది. మామ్మ అక్కడే కూలబడిపోయింది. ఆమె మోకాళ్ళతో ఆ బురదలో నడవలేదు. నేను పరుగెత్తాను.

నాన్న గుమ్మం ముందు గునపం ఎత్తి ఉన్నాడు. వాకిట్లో బురద మీద, పశువులపాక నుంచి నూతిదాకా సన్నటి బీట కనిపించింది. దాన్ని చూడగానే అక్కడే ఆగిపోయాను. ఒడ్డు విరుగుతుందంటే నాన్న నవ్వుతాడు, మామ్మ మాటే వినలేదు, నా మాట వింటాడా? ఆయన్ని అక్కణ్ణించి కదిలించే మాట నా దగ్గర ఒక్కటే ఉంది.

"నాన్నా, పగలగొట్టకు! తాళంచెవి మామ్మ దగ్గరే ఉంది. రొంటిలో దాచుకుంది."

అది తాతయ్య దగ్గరుండి చేయించిన టేకు తలుపు. దాన్ని దెబ్బ కొట్టడం నాన్నకూ ఇష్టం లేదు. గునపం దించాడు. ఆయన మొహం ఎర్రబడింది. "ఏంటీ పిల్లాటలు! ఇవాళ అమ్మ సంగతి తేల్చేస్తాను," అంటూ వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. నేను ఆయన వెనకే. వీధి మలుపు దాటామో లేదో ధాన్యం బస్తాలు ఒకేసారి దింపినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే మా ఇంటికప్పు ఒక పక్కకు వాలుతోంది. మరుక్షణం అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. కొబ్బరిచెట్టు ఒకటి పడిపోకుండా, నిలువుగానే, నీళ్ళలోకి నడిచి వెళ్ళింది.

నాన్న వచ్చి మామ్మ పక్కన కూర్చున్నాడు. నేను చెప్పలేదట్రా అని ఆమె దెప్పలేదు. ఆయన తల మీద చెయ్యి వేసి, "పొద్దున్నుంచి ఏం తినలేదు కదరా," అంది, అంతే. తరువాత ఊరి మధ్యలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. అక్కడా చుట్టూ ఏరే. లంకలో వెనక్కి జరగడమే గాని తప్పించుకోవడం ఉండదు.

చాలా ఏళ్ళకు, నాకు పెళ్ళయి రాజమండ్రిలో ఉండగా, నాన్న పోయాడు. ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. అమ్మ కంట నీరు లేకుండా అందరికీ మంచాలూ మంచినీళ్ళూ చూసింది. ఎంత ధైర్యమో అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ ధైర్యాన్ని చూస్తే మామ్మ బేసినులో మట్టి గుర్తొచ్చి భయం వేసింది. దినం అయ్యాక, వెళ్ళొస్తామని చెప్పకూడదు కనుక, ఒక్కొక్కరే చెప్పకుండా రేవుకు వెళ్ళిపోయారు. మా ఆయన పడవకు వేళయిందన్నాడు. మీరు వెళ్ళండి అని, నా సంచి మళ్ళీ లోపల పెట్టి, అమ్మ పక్కన చాప వేసుకున్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం, ఇల్లంతా నిశ్శబ్దమయ్యాక, అమ్మ మొదటిసారి ఏడ్చింది. గట్టిగా పట్టుకున్నాను.